వాసన లేని గులాబీకి మనమే చోటిచ్చాం

మొన్న కార్తీక సోమవారం నాడు విజయనగరం గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆమెను అడిగాను, బుట్టలో ఎర్రగా మెరుస్తున్న గులాబీలకు వాసన ఉందా అని. "వాసనేటి బాబూ, ఇది చూపుకి పువ్వు. మూడ్రోజులైనా వాడదు" అంది. ఆమె గొప్పగానే చెప్పింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

"మన ఎండలకు వాసన గులాబీ నిలవదు, ఊటీలోనో బెంగళూరులోనో అయితే పూస్తుంది" అని మన జిల్లాల్లో చాలామంది నమ్ముతారు. నేనొప్పుకోను. మన ఎర్రనేలకూ మన వేసవికీ తట్టుకునే వాసన గులాబీ ఉంది. పన్నీరు గులాబీ అనీ, ఎడ్వర్డ్ గులాబీ అనీ అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్లకు అది ఒట్టి నాటు గులాబీయే. లేత గులాబీ రంగు, వదులుగా పేర్చినట్టుండే రేకులు. దీని పుట్టుక తెలిస్తే మన ఎండకు ఎందుకు భయపడదో అర్థమవుతుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిని ఒకప్పుడు బోర్బన్ అనేవారు. అక్కడి రైతులు చేలకు కంచెగా చైనా గులాబీనీ డమాస్కస్ గులాబీనీ పక్కపక్కన వేసేవారు. ఆ రెండూ కలిసి ఈ జాతి దానంతటదే పుట్టింది. 1817 ప్రాంతంలో వృక్షశాస్త్రజ్ఞుల కంట పడింది. వాసన డమాస్కస్ వైపు నుంచి వచ్చింది, ఏడాది పొడవునా పూసే గుణం చైనా వైపు నుంచి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరుకు వాడే అసలు డమాస్కస్ గులాబీకి గట్టి చలి కావాలి, పూత కూడా ప్రధానంగా ఏడాదికి ఒక్కసారే. అది మన దగ్గర మొండికేస్తుంది. దీనికి ఆ బెడద లేదు.

మరి ఇంత అనువైన మొక్క పెరళ్లలోంచి ఎందుకు పోయింది? నా లెక్కలో కారణం ఒక్కటే. ఇది అమ్ముడుపోయే సరుకు కాదు. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది, పక్కింటివాళ్లు అడిగితే ఇచ్చేస్తాం. పంచుకుంటే పెరిగే మొక్కతో నర్సరీకి బేరం ఏముంటుంది? పువ్వుకూ అదే గతి. పొద్దున్న విచ్చితే సాయంత్రానికి రేకులు రాలుస్తుంది, లారీ ఎక్కి వంద మైళ్లు పోలేదు. 1867లో ఫ్రాన్స్‌లో 'లా ఫ్రాన్స్' అనే రకంతో హైబ్రిడ్ టీ గులాబీల, అంటే పొడవు కాడకు పెద్ద పువ్వు పూసే సంకర రకాల, కాలం మొదలైంది. వాటిలో మంచి వాసన ఉన్నవీ చాలానే ఉన్నాయి. కానీ కోతపూల వ్యాపారం పెరిగాక కాడ పొడవూ, మొగ్గ ఆకారమూ, నీళ్లలో ఎన్ని రోజులు నిలుస్తుందన్నదీ చూసి రకాలను ఎంచారు. వాసన ఎవరూ అడగలేదు, అది జారిపోయింది. 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 'పాపా మెయ్యాఁ' అనే పరిమళ గులాబీనీ, వాసన లేని 'రూజ్ మెయ్యాఁ'నీ పోల్చి చూశారు. పరిమళంలో ముఖ్యమైన జెరానియోల్ తయారు కావడానికి కావలసిన ఒక జన్యువు మొదటిదాంట్లో చురుగ్గా పనిచేస్తోందని, రెండోదాంట్లో దాదాపు మూగబోయిందని తేల్చారు.

మన దేశంలో గులాబీల మీద పట్టుదలగా పనిచేసినవాళ్లు లేకపోలేదు. గోధుమ శాస్త్రజ్ఞుడు బి.పి. పాల్ భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్. ఆయనే ఎన్నో గులాబీ రకాలు సృష్టించారు, 'రోజ్ షర్బత్' వాసనకే పేరుపడింది. ఐఏఎస్ ఉద్యోగం వదిలిన వీరరాఘవన్ కొడైకెనాల్‌లో ఉండి, వేడి ప్రాంతాలకు తగ్గ గులాబీల కోసం మన దేశపు అడవి జాతులతో దశాబ్దాలు సంకరాలు చేశారు. వాళ్ల శ్రమ మన వీధి చివర నర్సరీ దాకా రాలేదన్నదే నా బాధ.

మూడేళ్ల కిందట నేనూ ఒక నర్సరీలో ఫొటో చూపిస్తే మూడు మొక్కలు కొన్నాను. వేళ్ల చుట్టూ ఇటుకలాంటి బంకమట్టి ముద్ద. దాన్ని నీళ్లలో నానబెట్టి విడదీయాలని అప్పుడు తెలీదు, అలాగే పాతేశాను. తొలి వానలకే రెండు కుళ్లిపోయాయి. మూడోదానికి పై కొమ్మ ఎండి, అంటు కట్టిన ముడి కింద నుంచి చిగురొచ్చింది. ఎదురింటి మామ్మ "పిచ్చికొమ్మ, కోసీ" అంది. చెయ్యి రాక వదిలేశాను. ఫాల్గుణంలో అది పూసింది. లేత గులాబీ రంగు, వదులు రేకులు, గుమ్మం దాకా వాసన! తర్వాత చదివితే తెలిసింది, ఉత్తరాది మైదానాల్లో అంటు కట్టడానికి మొదలుగా, అంటే వేళ్లుండే కింది మొక్కగా, ఈ ఎడ్వర్డ్ గులాబీనే వాడతారని. వాసన లేని పువ్వును తన వేళ్ల మీద మోస్తున్నది వాసన గులాబీ! అందరికీ ఇలా దొరకదు. చాలా నర్సరీల్లో మొదలు తెల్లటి చిన్నపూలు గుత్తులుగా పూసే జాతి, దాన్ని కోసేయాల్సిందే.

పెంచడంలో పెద్ద విద్యేం లేదు. తుఫాను వానలు తగ్గాక, కార్తీకం చివర్లో, కొమ్మల్ని మూడోవంతు కత్తిరించాలి. బయటికి చూసే కన్నుకు, అంటే చిగురు పుట్టే చోటుకు, కొంచెం పైన ఏటవాలుగా కోసి, కోసినచోట బూజు తెగుళ్ల మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాయాలి, లేకపోతే అక్కణ్నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండుతూ వస్తుంది. సుమారు నలభై అయిదు రోజులకు పూత, అంటే సంక్రాంతికి ఇంటి ముందు పూలు. కత్తిరించిన కొమ్మల్లో పెన్సిల్ మందం ఉన్నవి పారేయకండి. జానెడు ముక్క, నాలుగైదు కళ్లు, కింది కన్నుకు సరిగ్గా దిగువన కోత. ఆకులు గిల్లేసి, రెండు కళ్లు మట్టిలో మునిగేలా గుచ్చి, నీడలో పెట్టాలి. పైన చిగురు కనబడగానే లాగి చూడొద్దు, అప్పటికి వేళ్లు ఉండకపోవచ్చు.

కుండీ అయితే పద్నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన గెత్తం, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి చాలు. ఉద్దానం వైపు ఇసుక నేలల్లో నీరు నిలవదు, అక్కడ గెత్తం రెట్టింపు వేయండి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరునీరు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి, దొరికినప్పుడల్లా వాననీరు పొయ్యాలి. వేసవిలో లేత ఆకులు ముడుచుకుని, మొగ్గలు మాడినట్టయితే అది తామరపురుగు. ఆ చివుళ్లు తుంచి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి. ఘాటు మందుల జోలికి పోకపోతే ఆ రేకులు పిల్లలకు గుల్కందుకూ పనికొస్తాయి.

మొక్క కొనేటప్పుడు ఫొటో నమ్మొద్దు. పొద్దున్న ఏడు లోపు వెళ్లి, సగం విచ్చిన పువ్వును వాసన చూడాలి. మధ్యాహ్నానికి ఎండ పరిమళాన్ని లాగేస్తుంది, అప్పుడు చూసి ఏ రకాన్నీ తీసిపారేయకూడదు.

ఇళ్లలో పెరళ్లు తగ్గుతున్నాయన్నది నిజం. అందుకే బడుల ఆవరణలూ, గుడుల నందనవనాలూ ఈ మొక్కకు చోటివ్వాలని నా కోరిక. అరసవల్లిలో రథసప్తమికీ, రామతీర్థంలో శ్రీరామనవమికీ దూరం నుంచి తెచ్చిన పూలతో పాటు ఆ నేలలో పూసిన పన్నీరు గులాబీ కూడా దేవుడికి చేరాలి. దానికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు, కత్తిరింపుల కాలంలో నాలుగు కొమ్మలు అడిగి తెచ్చుకుంటే సరి.

ఈసారి పాల ప్యాకెట్లలో పన్నెండు ముక్కలు గుచ్చాను. ఏడు చిగురేశాయి. రెండు మా వీధి బడికి ఇస్తానన్నాను. ఒకటి గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆమెకు. కంటోన్మెంట్ అవతల ఆమె ఇంటికి చిన్న పెరడుందట.