బోనెక్కితే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది

ఇంగ్లీషు కోసం అమీర్‌పేట హాస్టళ్లలో పడి ఉండేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఒక ప్రాంసరీ నోటు చాలు కదా! దాని మీద ఎవరికైనా రెండు లక్షలు అప్పివ్వాలి. బాకీదారు అసలూ ఇవ్వకూడదు, నోటు వెనక చెల్లూ రాయకూడదు. మూడేళ్ల గడువు దగ్గరపడేసరికి దావా వేయక తప్పదు. ఇక పాఠాలు మొదలు.

మొదటి పాఠం దావా కాగితం. డబ్బు ఎగ్గొట్టారు అని రాస్తే కుదరదు. ‘కాజ్ ఆఫ్ యాక్షన్’, అంటే దావాకు కారణం, ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో, సరిగ్గా ఈ కోర్టు పరిధిలోనే పుట్టిందని రాయాలి. బారసాల ఒక్కటే తక్కువ. చివర్లో ‘ప్రేయర్’ ఉంటుంది. మన డబ్బు మనకు ఇప్పించమనడానికి మొక్కుబడి అన్నమాట. దాని తోకగా, ఇంకేదైనా రిలీఫ్ తమకు ఉచితమని తోస్తే అదీ ఇప్పించమంటారు. అది ప్రసాదం.

దీనికి ప్రతివాది ముప్పై రోజుల్లో, మరీ అయితే తొంభై రోజుల్లో జవాబు వేయాలి. ప్రత్యేకంగా కాదనని ప్రతి మాటా ఒప్పుకున్నట్టే లెక్క కాబట్టి, పేరాకో ‘డినైడ్’ చొప్పున అన్నిటినీ కాదంటాడు. తన పేరూ తండ్రి పేరూ వదిలేస్తాడు, అంతే.

పట్టా మాత్రం అవతలి లాయరు ప్రశ్నలేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే చేతికొస్తుంది. బోనెక్కగానే అప్పిచ్చిన పెద్దాయన పీ.డబ్ల్యూ.1, అంటే వాది తరఫు మొదటి సాక్షి అవుతాడు, ఆయన నోటు ఎగ్జిబిట్ ఏ-1 అవుతుంది. అవతలి లాయరు తెలుగులోనే మొదలుపెడతాడు.

“మీకసలు రెండు లక్షలు అప్పిచ్చే స్తోమతే లేదంటాను, ఏమంటారు?”

“ఏం మాట బాబూ అది! మిరపకాయలమ్మిన డబ్బు కాదూ? గుంటూరు యార్డు చీటీలు ఇంట్లోనే ఉన్నాయి, తెమ్మంటావా?”

జడ్జిగారు స్టెనో వైపు తిరుగుతారు. “ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ హ్యావ్ నో కెపాసిటీ టు లెండ్.”

“నోటు మీద సంతకం మావాడిది కాదు, మీరే పెట్టించారంటాను.”

“మా అరుగు మీద కూచుని, మా ఆవిడిచ్చిన మజ్జిగ తాగి మరీ పెట్టాడు. కావాలంటే దాన్నే పిలిచి అడగండి.”

“ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఎగ్జిబిట్ ఏ-1 ఈజ్ ఫోర్జ్‌డ్.”

“చివరగా, మీరు అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారంటాను.”

పెద్దాయన కళ్లు చెమరుస్తాయి. “నా మనవల మీద ఒట్టు బాబూ.”

“ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ యామ్ డిపోజింగ్ ఫాల్స్.”

ఈ సజెషన్లు ఊరికే వేయరు. క్రాస్‌లో ప్రశ్నించని సాక్ష్యాన్ని ఒప్పుకున్నట్టే అనుకునే ప్రమాదముంది, అందుకని వేసి తీరాలి. బాగానే ఉంది. కానీ యార్డు చీటీలేమయ్యాయి? మజ్జిగ ఇచ్చినావిడ ఏమైంది? ఒకటి స్తోమతకు ఆధారం, ఇంకొకరు సంతకానికి సాక్షి. రెండూ ‘నాట్ ట్రూ’ కింద సమాధి అయ్యాయి. ఆర్గ్యుమెంట్స్ రోజున అదే లాయరు లేచి, స్తోమత గురించి పీ.డబ్ల్యూ.1 ఒక్క ముక్కా చెప్పలేదు చూడండి అంటాడు. కాగితం చూస్తే నిజమే మరి.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. 2002 సవరణ దగ్గర్నుంచి చీఫ్ ఎగ్జామినేషన్, అంటే క్రాస్‌కు ముందు సాక్షి ఇచ్చే సొంత వాంగ్మూలం, నోటితో చెప్పించడం పోయి, అఫిడవిట్‌గా వేయడం వచ్చింది. దావా కాగితాన్నే ‘ఐ’ పెట్టి మళ్లీ టైపు చేయించి, అంతా తెలుగులో చదివి వినిపించామని అడుగున ఒక ముక్క తగిలిస్తారు. ఎవరు వినిపించారు? ఎప్పుడు? క్రాస్‌లో అవతలి లాయరు చిరునవ్వుతో, “మీ అఫిడవిట్‌లో ఏముందో చెప్పండి” అంటాడు. “లాయరుగారు రాయించారు బాబూ, నాకు తెలీదు” అంటాడు పెద్దాయన. అప్పటిదాకా పోయిన తర్జుమా ప్రాణం ఇక్కడ లేచొస్తుంది. ‘ఐ డు నాట్ నో ద కంటెంట్స్ ఆఫ్ మై చీఫ్ అఫిడవిట్.’ అక్షరం పొల్లు పోదు!

సిగ్గుండాలి. అతనికి రాని భాషలో రాసింది మీరు, చదివి వినిపించనిది మీరు, కేసు పోయేది అతనిదా? సాక్షికి అర్థంకాని భాషలో వాంగ్మూలం రాస్తే, అతను చెప్పిన భాషలోనే తిరిగి వివరించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 6 చెబుతూనే ఉంది. తెలుగు అధికార భాషా చట్టం 1966 నాటిది. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనమే ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పిచ్చింది. తెలుగులో రాయించే జడ్జిలు కింది కోర్టుల్లోనూ లేకపోలేదు. అఫిడవిట్ తెలుగులో వేయకూడదని ఏ రూలూ లేదు. అడ్డమొచ్చేదల్లా ఆఫీసు కంప్యూటర్లో ఏళ్లనాటి ఫైలు, అందులో పేర్లు మాత్రం మార్చే అలవాటు.

పోయిన యార్డు చీటీలను తిరిగి తెచ్చుకునే దారి లేకపోలేదు. క్రాస్ అయ్యాక సొంత లాయరు లేచి, “స్తోమత గురించి అడిగినప్పుడు ఏం చెప్పారు?” అని ఒక్క ప్రశ్న వేసి రాయించుకోవచ్చు. ఆయనకు పక్క కోర్టులో ఇంకో వాయిదా ఉంది.

‘రీ-ఎగ్జామినేషన్: నిల్.’

పెద్దాయన చేత ప్రతి పేజీ కిందా సంతకం చేయిస్తారు. ఆరు పేజీల ఆయన వాంగ్మూలంలో తెలుగన్నది ఆ సంతకమే.