రెండు డబ్బాలు కలిపితే సీసాలో చక్కెర కూడా రెట్టింపా?

“రెండు బీరు కిట్లను ఒకే బకెట్‌లో కలపండి, అన్నీ రెట్టింపు అవుతాయి” అని మొదలయ్యే సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. కిట్ అంటే ఇంట్లో బీరు చేసుకునేందుకు దొరికే డబ్బా: చిక్కటి మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకం, దాన్ని పులియబెట్టే ఈస్ట్ పొట్లం. మొదటి ముగ్గురికీ నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నాను. నాలుగో మిత్రుడు “ఈ ఆదివారమే మొదలుపెడుతున్నాను” అని చేర్చడంతో ఇక ఊరుకోవడం కుదరలేదు.

చక్కెర మానేసి రెండో డబ్బా పోస్తే ఆల్కహాల్ రెట్టింపవుతుందనీ, చేదు మాత్రం మారదనీ ఆ సందేశం చెబుతోంది. 1.7 కిలోల డబ్బాకు కిలో చక్కెర చేర్చి 23 లీటర్లు చేస్తే ఆరంభ సాంద్రత (నీటిని 1 అనుకుని, కరిగిన చక్కెరలు ఎంతో చెప్పే అంకె) 1.039 దగ్గర ఉంటుంది. చక్కెర బదులు రెండో డబ్బా పోస్తే 1.044 దగ్గరికి చేరుతుంది. అయితే చక్కెరను ఈస్ట్ మొత్తం తినేస్తుంది, మాల్ట్‌లో మాత్రం సుమారు పావు వంతు మిగులుస్తుంది కనుక రెండు పద్ధతుల్లోనూ చివరకు తేలేది నాలుగు శాతం పైచిలుకు ఆల్కహాలే. చేదునిచ్చే హాప్స్ పువ్వులు డబ్బాలోనే కలిసి వస్తాయి కాబట్టి నిజంగా రెట్టింపయ్యేది చేదు. పెరగనిది పెరుగుతుందనీ పెరిగేది పెరగదనీ ఇంత పొందికగా తప్పు చెప్పడం కూడా ఒక విద్యే.

నల్ల డబ్బా, లేత డబ్బా కలిపితే మధ్యరంగు వస్తుందన్నారు. రాదు, నల్లదే గెలుస్తుంది. గడువు దాటిన డబ్బాను కొత్తదానితో కలిపేయమన్నారు. అప్పుడు పాడయ్యేవి రెండు డబ్బాలు.

అసలు ప్రమాదం ఐదో అంశంలో ఉంది: “రెండు కిట్లు కాబట్టి సీసాల్లో వేసే చక్కెర కూడా రెట్టింపు చేయండి, బుడగలు ఆగిన రోజే నింపేయండి.” సీసాలో చక్కెర వేసేది నురగ కోసం, అది బీరు ఎన్ని లీటర్లుందో చూసి వేసేదే తప్ప, ఎన్ని డబ్బాలు పోశామో లెక్కపెట్టి వేసేది కాదు. లీటరుకు ప్రతి 4 గ్రాముల చక్కెరా దాదాపు ఒక లీటరు వాయువును పుట్టిస్తుంది. మామూలుగా వేసే 8 గ్రాములను 16 చేస్తే, బీరులో ముందే కరిగి ఉన్నదానితో కలిపి, లీటరు బీరులో ఐదు లీటర్లకు దగ్గరగా వాయువు చేరుతుంది. మామూలు బీరు సీసాను లీటరుకు మూడు లీటర్లకు మించి నమ్మకూడదు. దీనికి తోడు బుడగల సలహా ఒకటి! బకెట్ మూత సరిగా బిగియకపోయినా, గది చల్లబడినా మూత మీది గొట్టంలో బుడగలు ఆగిపోతాయి, లోపల పులియడం మాత్రం సాగుతూనే ఉంటుంది. సాంద్రత 1.012 వరకు దిగవలసిన బీరును 1.016 దగ్గర సీసాకెత్తితే, ఆ నాలుగు గీతలే లీటరుకు మరో రెండు లీటర్ల వాయువు. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజుల పాటు ఒకే అంకె చూపాలి, అంతే.

ఈ తొందర నేనూ పడ్డాను. అర్ధరాత్రి అలమరలో పేలిన మొదటి సీసా పక్కనున్న రెండింటినీ పేల్చింది; తెల్లవారి చూస్తే గోరంత గాజుముక్క ఒకటి చెక్క తలుపులో నిటారుగా గుచ్చుకుని ఉంది. ఆ తలుపు ముందు మనిషి ఉంటే ఏమయ్యేదో ఆ సందేశం రాసిన మహాశయుడు కాస్త ఊహించుకోవచ్చు.

“రెండు ఈస్ట్ పొట్లాలూ వేసేయండి” అన్న చివరి వాక్యాన్ని కూడా వెక్కిరించబోయాను కానీ, అది సరైన మాటే. కిట్లలో వచ్చే పొట్లాలు చాలావరకు చిన్నవి. రెండూ ఒకే రకమైతే నిస్సంకోచంగా వేయవచ్చు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: చక్కెర బదులు రెండో డబ్బా పోస్తే ఆ నీళ్లనీళ్ల రుచి పోతుంది. నేను చేసిన వాటిలో మంచి బీరు అలా వచ్చిందే.

ఇదంతా మిత్రుడికి రాసి, 23 లీటర్లకు మొత్తం 160 గ్రాముల చక్కెర చాలని చెప్పాను. వెంటనే జవాబు వచ్చింది: “ఒక్కో డబ్బాకా?”