గేదె ఎగచేపిందంటే అది మాట్లాడినట్టే

బెజవాడలో గానీ గుంటూరులో గానీ వీగన్, అంటే మాంసమే కాదు పాలు, నెయ్యి లాంటి జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టనివాడు, అనే మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే: "అంటే పెరుగు కూడా తినరా?" నవ్వుతూ అడుగుతారు గానీ, అడగాల్సిన ప్రశ్న అదే. 1944లో ఇంగ్లండులో వీగన్ సొసైటీ పెట్టిన డొనాల్డ్ వాట్సన్, ఆయన వెంట ఉన్న కొద్దిమందీ మిగతా శాకాహారుల నుంచి విడిపడింది పాల దగ్గరే. మన దగ్గర మాత్రం ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడ్డవాణ్ణి తిట్టడమే జంతువుల తరఫున మాట్లాడటం అనుకునేవాళ్ళు ఎక్కువ. అది తేలికైన పని. తిట్టొచ్చి ఇంట్లో గడ్డపెరుగు కలుపుకుంటే అడిగేవాడుండడు.

"నోరులేని జీవాలు" అనే మాట మీదే నాకు అభ్యంతరం. పాడి ఉన్న ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు, గేదెకు నోరుంది, పంతమూ ఉంది. చాలావరకు దూడ వచ్చి పొదుగు కుమ్మితేనే చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది. ఆ స్పర్శకు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి దిగి, పొదుగు పైభాగంలోని సన్నని గదులను పిండుతుంది. గేదె పాలలో చాలా భాగం ఆ గదుల్లోనే ఉంటుంది, కాబట్టి చేపకుండా ఎంత పితికినా చనుకట్లలోకి వచ్చేది కొంచెమే. బెదిరినా, దూడ కనపడకపోయినా ఎగచేపుతుంది, అంటే పాలు వదలకుండా బిగబడుతుంది. ఇంతకన్నా స్పష్టంగా "ఇవ్వను" అని ఎలా చెప్పాలి? దానికి మనం కనిపెట్టిన జవాబులు రెండు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టడం ఒకటి, ఆ ఆక్సిటోసిన్‌నే సూదిగా పొడవడం రెండోది. నా లెక్కలో వీగన్ అంటే ఆ గేదెకు మాట అరువిచ్చేవాడు కాదు. అది చెప్పిన మాటను దాటి పాలు తీసుకోనివాడు, అంతే.

ఇక జున్ను. మిరియాలు, యాలకులు, బెల్లం వేసి ఆవిరిమీద ఉడికిస్తే రుచికి వంక పెట్టలేం. కానీ అది ఎవరిదో చూడాలి. ముప్పై కిలోల దూడకు తొలిరోజు దాని బరువులో పదోవంతు, అంటే మూడు లీటర్ల ముర్రుపాలు పడాలి. అందులో మొదటి విడత పుట్టిన గంట, రెండు గంటల్లోనే పడాలి. రోగాన్ని ఆపే శక్తి దూడకు ఆ పాలతోనే వస్తుంది. రోజు గడిచాక పట్టినా పేగు దాన్ని పీల్చుకోలేదు. ఆ తర్వాత పారుడు పట్టుకుంటే దూడ నిలవదు. "దూడ తాగగా మిగిలిందేనండీ" అంటారు రైతులు. చాలాసార్లు నిజమే, తొలి రోజుల్లో మిగులు ఉంటుంది. పెయ్యదూడ అయితే నేనూ నమ్ముతాను. దున్నదూడ అయితే నమ్మకం తగ్గుతుంది. ట్రాక్టరు వచ్చాక దున్నకు దుక్కిలో పని పోయింది, పనిలేనిదానికి దాణా పెట్టే స్థోమత కౌలురైతుకు లేదు. అందుకే తిట్టాల్సింది రైతును కాదు. లీటరు పాలు కొన్న ప్రతి ఇంటికీ ఆ దున్నదూడలో వాటా ఉంది, గేటెడ్ కమ్యూనిటీలో ఉన్నా సరే.

చట్టం ఏం చేస్తోందని అడక్కండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో, పాల కోసం ఆరోగ్యం చెడగొట్టే సూది వేస్తే 12వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. పర్వాలేదనుకునేలోపు 11వ సెక్షన్ చూడండి. కొట్టడం, తిండి పెట్టక మాడ్చడం, ఇరికించి తోలడం లాంటివాటికి మొదటి తప్పు కింద పది నుంచి యాభై రూపాయలు. యాభైకి ఇప్పుడు లీటరు పాలు రావు.

పళ్ళెం సంగతికొస్తే, మనకున్న వెసులుబాటు చాలామందికి లేదు. పులిహోర, గోంగూర పచ్చడి, నువ్వులనూనె ఆవకాయ, మిరపకాయ బజ్జీ అన్నీ పనికొస్తాయి. మైసూర్ బోండా పిండిలో పెరుగు పడుతుంది, జాగ్రత్త. టిఫిన్ సెంటర్లో "వీగన్" అంటే వింతగా చూస్తారు. "నెయ్యి, వెన్న వద్దు" అని ఆర్డరు చెప్పేటప్పుడే అనండి, కారప్పొడి మీద పోశాక కాదు. ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే పాలు లేవని కాదు. వీగన్ ఆహారానికి 2022లో వేరే గుర్తు వచ్చింది, దాన్ని చూడండి. బి12 విటమిన్ మాత్ర మాత్రం మానకండి. నీరసపడి, కాళ్ళు తిమ్మిర్లంటూ తిరిగే వీగన్ జంతువుల కేసును ఓడగొట్టే సాక్షి.

పెరుగు లేకపోతే భోజనం ముగిసినట్టుండదు, ఒప్పుకుంటాను. ఒక గ్లాసు వేరుశనగ గుళ్ళు ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే నోట్లో ఇసకలా తగులుతుంది. సన్నసెగ మీద పది నిమిషాలు కలుపుతూనే కాచండి. చెయ్యి ఆపితే అడుగంటి మాడువాసన పడుతుంది, ఇక పారబోయడమే. వేలు ఓర్చుకునే వేడికి వచ్చాక ఏడెనిమిది పచ్చిమిరప తొడిమలు వేయండి, గుంటూరులో వాటికి కరువా! ఇంకా వేడిగా ఉండగా వేస్తే తోడుకోదు. మామూలుగా రాత్రి పెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. మే నెలలో ఐదారు గంటలకే చూసుకోండి, ఆలస్యమైతే పులిసి నీరు విడిపోతుంది. మొదటి తోడు కాస్త పచ్చివాసన వేస్తుంది. అందులోంచి ఒక చెంచా తీసి రెండోసారి తోడుపెడితే బాగుంటుంది.

చుట్టాలకు వడ్డించేముందు అది వేరుశనగ పెరుగని చెప్పండి. తిన్నాక "కనిపెట్టలేకపోయారుగా" అని మురిసిపోవడం కొందరికి సరదా. వేరుశనగ పడనివాళ్ళూ ఉంటారు.