ముగ్గురు వేటగాళ్లు, ఒక్క నక్క

పదహారో శతాబ్దపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ గీసిన ‘మంచులో వేటగాళ్లు’ చిత్రం ఏటా క్రిస్మస్ కార్డుల మీద కనిపిస్తూనే ఉంటుంది. ఊరంతా పరుచుకున్న తెల్లటి మంచు, గడ్డకట్టిన చెరువుల మీద జారుతూ ఆడుకుంటున్న జనం. చూస్తే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి దగ్గరే ఆగిపోతే బొమ్మలో సగం చూడనట్టే.

1565లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్‌వెర్ప్ నగరపు వ్యాపారి ఒకరి కోసం, ఏడాదిలోని నెలల మీద వేసిన చిత్రాల వరుసలో ఇదొకటి. వాటిలో అయిదే మిగిలాయి. ఇది వియన్నా మ్యూజియంలో ఉంది. ఈ బొమ్మ గీయడానికి ముందు గడిచిన చలికాలం ఐరోపాను గడగడలాడించింది.

ఎడమవైపు, మనకు బాగా దగ్గరగా ముగ్గురు వేటగాళ్లు నడుస్తున్నారు. వాళ్ల ముఖాలు మనకు కనబడవు, వీపులే కనబడతాయి. వెనక కుక్కల గుంపు తలలు వేలాడేసుకుని వస్తోంది. ఇంతమంది, ఇన్ని కుక్కలు పొద్దంతా తిరిగి తెస్తున్నది ఏమిటి? ఒకరి భుజం మీది ఈటెకు వేలాడుతున్న ఒకే ఒక్క బక్క నక్క. పక్కనే సత్రం బోర్డు. దాని మీద వేటగాళ్లు కొలిచే సెయింట్ బొమ్మ ఉంది. ఆ బోర్డు ఒక కొక్కెం ఊడి పక్కకి వేలాడుతోంది. ఇది అనుకోకుండా వచ్చిందంటే నేను నమ్మను.

సత్రం ముందున్న మంటను నేను మొదట చలిమంట అనుకున్నాను. మన ఊళ్లలో తెల్లవారుజామున మంట చుట్టూ చేరే మనుషులే గుర్తొచ్చారు. అది పంది వెంట్రుకలు కాల్చే మంట అని కళాచరిత్రకారులు చెబుతారు. అంటే అక్కడున్నవాళ్లు చలి కాచుకోవడం లేదు, చలికాలానికి తిండి సిద్ధం చేసుకుంటున్నారు.

మనుషులను, చెట్లను బ్రూగెల్ దాదాపు నల్లటి ఆకారాలుగా గీశాడు. ఆకాశానికి, గడ్డకట్టిన నీళ్లకు ఒకే ఆకుపచ్చ బూడిద రంగు వేశాడు. ఎండ లేదు, నీడలూ లేవు. ఇక ఆ కొండలు! ఆంట్‌వెర్ప్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతం చదునైన నేల. ఇటలీకి వెళ్లి వచ్చేటప్పుడు చూసిన ఆల్ప్స్‌ను తెచ్చి తన పల్లె వెనక నిలబెట్టాడు. ఉన్నది ఉన్నట్టు గీయలేదని దీన్ని తప్పుపట్టడం సరికాదు. కొండ అంచున వేటగాళ్ల వెనకే మనల్నీ నిలబెట్టి, కింద ఆడుకునేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో చూపించడానికే ఆయన ఇదంతా కల్పించాడని నాకు అనిపిస్తుంది. ఆ ఆట అబద్ధం కాదు, పిల్లల సంతోషమూ నిజమే. కానీ ఈ ముగ్గురూ ఇంకా దిగువకు చేరలేదు.

ఈసారి బొమ్మ చూసినప్పుడు కుడివైపు కింది మూలకు వెళ్లండి. అక్కడ నీటితో తిరిగే పిండిమర చక్రానికి మంచు గడ్డలు వేలాడుతున్నాయి. చక్రం తిరగడం లేదు. పైనున్న వంతెన మీద ఎవరో పుల్లల మోపు మోసుకుని పోతున్నారు.