రింగు కొక్కెం దగ్గరే భద్రత

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర వేళ ములుగు అడవుల కింద, దాదాపు 40 కిలోమీటర్ల లోతున రాతిపొర జరిగింది. హైదరాబాద్, విజయవాడల దాకా జనం ఉలిక్కిపడ్డారు. భూకంప తీవ్రత 5.3. అంత లోతున వచ్చింది కాబట్టి బతికిపోయాం. నాలుగు రోజులు వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి, ఆ తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడ్డాం. 'మనది దక్కన్ రాయి, మనకేం కాదు' అన్న ధీమా చెక్కుచెదరలేదు.

అందులో కొంత నిజముంది. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే భారత పలక, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ రాపిడి హిమాలయాల దగ్గర ఎక్కువ. మనం పలక మధ్యలో ఉన్నాం. అయితే ఆ ఒత్తిడి పలకంతా పాకుతుంది, పాత పగులు ఎక్కడుంటే అక్కడ బయటపడుతుంది. గోదావరి లోయ అలాంటి పగులే. కోట్ల ఏళ్ల కిందట నేల చీలి కుంగిన ఆ పల్లంలోనే సింగరేణి బొగ్గు ఏర్పడింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది కూడా.

ధీమా ఎంత ఖరీదైనదో మహారాష్ట్రలోని కిల్లారిని అడగాలి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా, మట్టితో పేర్చిన రాతిగోడలు కూలి దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ముప్పున్న ఒకటో జోన్! 2002లో ఆ జోన్‌నే ఎత్తేశారు. 2002 పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో, కృష్ణా ఒండ్రు నేల మీదున్న విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి. మెత్తటి ఒండ్రు కుదుపును ఇంకా పెంచుతుంది.

మన నగరాలు చూడాల్సింది అహ్మదాబాద్‌ను. 2001 భుజ్ భూకంప కేంద్రానికి అది 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది పోయారు. వాటిలో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగ్, పైన గోడలతో బరువైన అంతస్తులు. ఊపు మొత్తం ఆ కింది పిల్లర్ల మీదే పడింది. మన విజయవాడ గాంధీనగర్‌లో, హైదరాబాద్ కూకట్‌పల్లిలో కడుతున్నవీ ఇలాంటివే కదా?

పరిష్కారం తెలియనిదేమీ కాదు. పిల్లర్ ఇనుముకు చుట్టే రింగు కొసను 135 డిగ్రీలు లోపలికి వంచాలని 1993 నుంచే భూకంపాలను తట్టుకునే నిర్మాణాల జాతీయ కోడ్ చెబుతోంది. సైట్లలో 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే పై కాంక్రీటు రాలగానే రింగు విచ్చుకుంటుంది, పిల్లర్ నలిగిపోతుంది. అదనపు ఖర్చు అతి స్వల్పం. చిక్కల్లా ఈ సంగతి మేస్త్రీకి ఎవరూ చెప్పకపోవడం, కాంక్రీటు పోశాక ఎవరికీ కనబడకపోవడం. అపార్ట్‌మెంట్ బ్రోషర్లో ఇటాలియన్ మార్బుల్ ఉంటుంది గానీ రింగుల మాట ఉండదు.

హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది, ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. వాటి సాయంతో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ మేస్త్రీలకు, బార్‌బెండర్లకు శిక్షణ ఇవ్వాలి. పాత ఆసుపత్రులు, బడుల పిల్లర్లను ముందుగా పటిష్ఠం చేయాలి. ప్రతి అంతస్తులో కాంక్రీటు పోసేముందు స్ట్రక్చరల్ ఇంజినీరు ఇనుము చూసి సంతకం పెట్టాలి, ఆ సంతకాలు లేని భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.