వచ్చినారు సరే, వెనక్కి పోయే దారి ఏదండీ?

మహారాజశ్రీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గారి సముఖమునకు,

కడపలో డీటీపీ అంగడి పెట్టుకుని బతికేవాడొకడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. మీ కుశలానికేం, నెల తిరిగేసరికి కొత్త నంబరు తగిలించుకుని తయారవుతూనే ఉన్నారు. మా కుశలం సంగతే ఈ ఉత్తరం.

ముందే చెప్పేస్తే మంచిది. మిమ్మల్ని మా మిషన్‌లోంచి తీసేశాం. పాత వెర్షన్‌కు పోయాం. శుభలేఖలు మళ్లీ తెలుగులో వస్తున్నాయి.

మీరు దయచేసింది వైశాఖ మాసంలో. బయట కడప ఎండ, లోపల పెళ్లికార్డుల గిరాకీ. పొద్దున అంగడి తీసి మిషన్ ఆన్ చేస్తే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కంప్యూటర్ ఆపవద్దు అని హెచ్చరిక. నాకు చెప్పారు బాగానే ఉంది, కరెంటుకు ఎవరు చెప్పాలి? యూపీఎస్ కీచుకీచుమంటుంటే, మీ శాతం ముందు నూటికి చేరుతుందా, దాని బ్యాటరీ ముందు సున్నాకు చేరుతుందా అని చూస్తూ కూర్చున్నాం. ఐపీఎల్ ఆఖరి ఓవర్‌లో కూడా అంత టెన్షన్ లేదు.

చివరికి మీరే గెలిచారు. మిషన్ తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే పెండ్లిమర్రి నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్లికార్డు ప్రూఫ్ చూసుకునేదానికి వచ్చినాడు. ఫైలు తెరిచాం. 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన గీతలు, పక్కన చుక్కలు, మధ్యలో ఒక డాలరు గుర్తు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసినాడు.

"ఏమప్పా, ఇది మా పాప పెండ్లి పత్రికనా, డాక్టరు రాసిచ్చిన మందుల చీటీనా?"

ఆయనకు నేనేం చెప్పాలి? మా తెలుగు డీటీపీ ఫాంట్ల సంగతి మీ పుట్టింటివాళ్లకే తెలియదు, పెండ్లిమర్రి పెద్దాయనకు ఏం తెలుస్తుంది? ఇంగ్లిష్ అక్షరాల కుర్చీల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టి నడిపిస్తున్న సంసారం మాది. ఒకచోట తల, ఒకచోట గుడి, ఒకచోట వత్తు. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు కనబడకుండా పోతే ఎవరి కుర్చీలో వాళ్లే, అంటే ఇంగ్లిష్ అక్షరాలే దర్శనమిస్తాయి. యూనికోడ్ వాడొచ్చు కదా అంటారు మీరు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటూ వచ్చింది, నిజమే. అదే 2001లో మేం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 కూడా వచ్చింది. దానికి తెలుగు యూనికోడ్ తెలియదు. 2004లో అడోబీ దాని అభివృద్ధినే ఆపేసింది. పుట్టించినవాళ్లు వదిలేసి ఇరవై ఏళ్లు దాటినా మా వీధిలో దానికి రోజూ పని ఉంది. ఏళ్ల తరబడి కట్టిన పెళ్లికార్డులు, కరపత్రాలు, దేవుని కడప ఉత్సవాల ఆహ్వానాలు అన్నీ అందులోనే. కొత్తదానికి మారమంటే మారతాం. ఆ పాత ఫైళ్లను ఎవరు మారుస్తారో అది మాత్రం మీ నోట్స్‌లో ఎక్కడా రాయరు. అక్కడ 'కొన్ని లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం' అని రెండు ముక్కలుంటాయి, అంతే. ఏ లోపమో చెప్పరు. ఎవరి పనితీరో అసలే చెప్పరు.

ఇంకొకటి, మీ ముహూర్తాలు పెట్టే పురోహితుడెవరండీ? మైక్రోసాఫ్ట్‌వారి అప్‌డేట్లు 2003 నుంచీ నెలలో రెండో మంగళవారమే. మా ఇళ్లలో మంగళవారం గోరు కూడా కత్తిరించుకోరు. అక్కడ పసిఫిక్ తీరంలో పొద్దున పదింటికి విడుదలయ్యేసరికి ఇక్కడ రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. బుధవారం పొద్దున అంగడి తీసేవాడి నెత్తిన పడుతుంది. వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుని కార్డు అచ్చుకిచ్చే జనానికి పనిచేసే మిషన్ మీద ఇదేం జాతకం!

ఇక పాత వెర్షన్‌కు పోదామని బయల్దేరితే మీరు చేసే మర్యాద గురించి చెప్పాలి. ముందు 'ఎందుకు వెనక్కి పోతున్నారు?' అంటారు. జాబితా ఇస్తారు. పాతది తేలికగా ఉండిందా, వేగంగా ఉండిందా, నమ్మకంగా ఉండిందా అని. 'అడక్కుండా వచ్చారు' అనే కారణం ఆ జాబితాలో లేదు. వేరే కారణముంటే రాయమని ఒక చిన్న పెట్టె ఉంది. మా అంగట్లో టైపింగు చేసే అబ్బాయి అందులో తనకు తోచింది రాసినాడు, తెలుగులోనే. అది మీ దగ్గరెవరికైనా అర్థం కాకపోతే పెండ్లిమర్రిలో ఎవరినడిగినా చెప్తారు. ఆ తర్వాత, 'పోయే ముందు కొత్త అప్‌డేట్లు ఉన్నాయేమో చూద్దామా, మీ సమస్య తీరవచ్చు' అంటారు. అప్‌డేట్ వద్దని దండం పెడుతున్నవాడికి ఇంకో అప్‌డేట్! ఆ తర్వాత పాస్‌వర్డ్ గుర్తుందా అని పరామర్శ. చిట్టచివర, మమ్మల్ని వాడి చూసినందుకు ధన్యవాదాలు అంటారు. వాడి చూసిందెవరు సామీ, మీరే మమ్మల్ని వాడి చూసినారు.

ఇదంతా పది రోజుల్లోపు గుర్తొస్తేనే. మొదట్లో ఈ గడువు ముప్పై రోజులుండేది. 2016లో దాన్ని పదికి తగ్గించారు. ఆ పది రోజులు పాత విండోస్ ఒక ఫోల్డర్‌లో ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. పదో రోజు దాటితే డిస్కులో చోటు మిగిలించామని చెప్పి తుడిచేస్తారు. పదో రోజు కర్మ మా ఆచారమనుకున్నాను, మీకూ ఉందన్నమాట. కాకపోతే మేం మనిషి పోయాక చేస్తాం, మీరు బతికుండగానే కానిస్తారు. ఆ గడువును అరవై రోజుల దాకా పెంచుకునే వీలుంది కూడా. కానీ దాన్ని సెట్టింగుల్లో పెట్టలేదు. నల్లటి కమాండ్ కిటికీ తెరిచి మంత్రంలాంటి లైను ఒకటి కొట్టాలి, అదీ పది రోజులు ముగిసేలోపే. ఆ లైను తెలిసినవాడు గడువుల కోసం ఏడ్చే స్థితిలో ఉండడు, ఏడ్చేవాడికి ఆ లైను తెలియదు.

మీరంటే గిట్టదని అనుకోకండి. 2017 మేలో వానాక్రై వచ్చి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. కాబట్టి మీరు రావాల్సిందే. నా గొడవ మీ రాక గురించి కాదు, మీరు వెంట తెచ్చే సామాను గురించి. తలుపుకు గట్టి తాళం బిగిస్తానని వచ్చిన మనిషి వంటింట్లో ఉప్పు కారం డబ్బాలన్నీ తారుమారు చేసి పోతే ఎట్లుంటుంది? తాళం కావాలంటే ఆ తారుమారు కూడా ఒప్పుకోవాల్సిందేనట. డబ్బాలు పాత చోటికి పెట్టమంటే తాళం కూడా ఊడబీక్కుని పోతారట. భద్రత ఒక పొట్లం, అలంకారం ఇంకో పొట్లం కట్టడానికి మీకొచ్చే నష్టమేంటో ఎవరైనా చెప్తే విని సంతోషిస్తాను.

అలంకారాల్లోనూ మీ మాటే చివరిదేం కాలేదు. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ ఎత్తేశారు. జనం ఊరుకోలేదు. మరుసటి ఏడు 8.1తో ఆ బటన్ తిరిగొచ్చింది. అంటే మీవాళ్లు వెనక్కి పోతే దాని పేరు కొత్త వెర్షన్. మేం వెనక్కి పోతే దాని పేరు ప్రమాదం.

మీ వంశంలో గొప్పవాళ్లు ఇంకా ఉన్నారు. 2018 అక్టోబరులో వచ్చిన పెద్ద విండోస్ అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయం చేసింది. రోజుల్లోనే ఆపేసి, సరిచేసి నవంబరులో మళ్లీ వదిలారు. 2021 మార్చిలో వచ్చినాయన ఇంకా రసికుడు, కొన్ని రకాల ప్రింటర్లకు ప్రింట్ నొక్కగానే నీలి తెర వేసి కంప్యూటర్‌ను కూలబెట్టేవాడు. అచ్చు పని మీద బతికేవాళ్లకు అంతకంటే మంచి శాపం దూర్వాసుడు కూడా ఇవ్వలేడు. అదే నెలలో ఆండ్రాయిడ్ ఫోన్లలో వెబ్‌వ్యూ అనే ఒక మూల భాగానికి అప్‌డేట్ వచ్చి, జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరిచిన వెంటనే మూసుకుపోయాయి. అప్పుడు జనానికి అందిన సలహా ఏమిటో తెలుసా? 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నొక్కండి. చూశారా, మీకు జబ్బు చేస్తే మీవాళ్లు ఇచ్చే మందు కూడా పాత వెర్షనే.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన తప్పు ఫైలుతో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. ఆ కంపెనీ గంటన్నర తిరక్కముందే దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికే పడిపోయిన మిషన్లకు ఆ వార్త వినే ఓపిక లేదు. ఒక్కోదాన్నీ సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలును మనిషే చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ పెన్నుతో రాసిచ్చారు. ఆ ఫొటో చూసి మా వీధిలో బోర్డులు రాసే ఆర్టిస్టు మీసం మెలేశాడు. ఫ్లెక్సీలొచ్చాక ఆయనకు అంత సంతోషం కలిగిన రోజు ఇంకోటి లేదు.

ఫోన్లలో మీ దర్జా వేరు. 2022 ఆగస్టులో పిక్సెల్ 6 ఫోన్లకు ఆండ్రాయిడ్ 13 ఎక్కించుకున్నవాళ్లు మళ్లీ 12కు పోలేకుండా గూగుల్ లోపలి నుంచే గడియ పెట్టింది. పాతదాంట్లో ఒక భద్రతా లోపం ఉందన్నారు, ఉండే ఉంటుంది. ఐఫోన్‌లోనైతే కొత్తది విడుదలైన కొన్నాళ్లకు పాతదాని మీద ఆపిల్ సంతకం పెట్టడం మానేస్తుంది. సంతకం లేనిదే అది ఎక్కదు. మా తాలూకాఫీసుల్లో సంతకం కోసం తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్న జనానికి ఈ పద్ధతి బాగానే అర్థమవుతుంది.

మీరు మా ఊరిని చూసి కొంచెం నేర్చుకోవచ్చు. 2005లో మా ఊరి ఇంగ్లిష్ స్పెల్లింగు మార్చారు. 2010లో జిల్లా పేరు వైఎస్సార్ జిల్లా అయింది. 2022లో జిల్లాను విడగొట్టారు. 2025లో వైఎస్సార్ కడప జిల్లా అన్నారు. ప్రతిసారీ లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపులు కొత్తగా చేయించుకోవాల్సిందే. మా అంగడికి లాభం తెచ్చిన అప్‌డేట్లు ఇవే, అబద్ధమెందుకు చెప్పాలి. అయితే చివరిదాంట్లో కొత్త పేరు ఉంది, పాత పేరూ ఉంది. ఒకటి రావడానికి ఇంకొకటి చావాల్సిన పని పడలేదు. గవర్నమెంటుకు చేతనైనది మీకు చేతకాలేదంటే నమ్మమంటారా?

ఇంకా నమ్మకం కుదరకపోతే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి రండి, ఆటో మాట్లాడి నేనే తీసుకుపోతాను. 1820లో కడపకొచ్చిన సి.పి.బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాటాకుల పని చేయించాడు. రాసినవాడు రాసినట్టల్లా పద్యం మారేది. ఒక లేఖకుడు పాదం మింగేవాడు, ఇంకొకడు తన కవిత్వం కలిపేవాడు. వాళ్లందరూ మీ పూర్వీకులే అనుకోండి. బ్రౌన్ ఏం చేశాడు? దొరికిన ప్రతులన్నీ తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. కొత్త ప్రతి వచ్చింది కదా, పది రోజులాగి పాతవి పొయ్యిలో పెట్టండి అని ఆయన అనుంటే వేమన్న మనకు ఏ రూపంలో మిగిలేవాడో!

కాబట్టి మా విన్నపాలు. రాదలచుకుంటే తలుపు తట్టి రండి, ఏం తెస్తున్నారో చీటీ మీద వివరంగా రాసుకుని రండి. తాళాలు వేరుగా, డబ్బాలు వేరుగా తెండి. పాతదాన్ని తుడిచే ముందు ఆ మిషన్ మీద కూర్చునేవాడిని ఒక్క మాట అడగండి. తీసేశాక మళ్లీ దొడ్డిదారిన రాకండి. తీసేసిన మర్నాడే ఏమీ జరగనట్టు జాబితాలో ప్రత్యక్షమయ్యే మీ అలవాటు మాకు తెలుసు.

ప్రస్తుతానికి 'పాజ్' నొక్కి పెట్టాం. ఒకసారి నొక్కితే అది ముప్పై ఐదు రోజులకు మించి ఆగదట, ఆ రూలు కూడా మీదే. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగేదాకా ఎట్లయినా నెట్టుకొస్తాం. అప్పుడు మాకూ పనుండదు, మీ చుక్కలు ఎంతసేపు తిరిగినా చూస్తూ కూర్చుంటాం. అంగడి తీసేది తొమ్మిదిన్నరకు. పెండ్లిమర్రి పెద్దాయన రెండో కూతురి సంబంధం కుదిరిందట, కార్డుకు మళ్లీ మా దగ్గరికే వస్తానన్నాడు. ఆయన వచ్చి పోయినాక రండి.

ఇట్లు,
ప్రూఫ్ రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టిన
మీ వినియోగదారుడు, కడప