బాతులో తప్పేముంది?

మన తెలుగు సంఘం ఉగాది నాడు పచ్చడి గిన్నెలు ఖాళీ అయి, పంచాంగ శ్రవణం ముగిశాక పిల్లలకు పెట్టిన పదాల పోటీ మీలో చాలామంది చూసే ఉంటారు. తెర మీద బొమ్మ పడుతుంది. పిల్లలు దాని తెలుగు పేరు చెప్పి, ఒక వాక్యం కట్టాలి. మా అమ్మాయికి బాతు వచ్చింది. "బాతు" అంది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వాక్యం: "మా తాతయ్య మంచం మీదే బాతులో ఒంటేలు పోశాడు."

హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కానీ మైకు పట్టుకున్న పెద్దాయన "డకౌట్!" అని అరిచి, "ఇంట్లో తెలుగు మాట్లాడకపోతే ఇదిగో ఇలాగే ఉంటుంది" అన్నారు. సున్నా మార్కులు. పిల్ల స్టేజి దిగి నా కొంగు చాటున నిలబడింది. పులిహోర కూడా ముట్టలేదు.

ఆ వాక్యం వెనక కథ చెప్పనివ్వండి. పోయిన చలికాలం మా దగ్గరికి వచ్చిన మా నాన్న మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయిన మర్నాడు నేను కింద కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. పైన గదిలో ఎనిమిదేళ్ల మా అమ్మాయే దుబాసీ. నర్సు వచ్చి "ఎంటె కావాలా?" అని జర్మన్‌లో అడిగింది. ఎంటె అంటే బాతు. పిల్లకు తెలిసిన మాటే. "తాతయ్యా, నీకు బాతు కావాలా అంటోంది."

"ఇవాళ శనివారం కదమ్మా, నీచు ముట్టనని చెప్పు" అన్నారట మా నాన్న.

అది పొల్లుపోకుండా జర్మన్‌లోకి మార్చి చెప్పింది. నేను వెళ్లేసరికి నర్సు గోడకు ఆనుకుని నవ్వుతోంది, చేతిలో మెడ వంగిన ప్లాస్టిక్ సీసా. మగ రోగులు మంచం మీదే కానిచ్చుకునే ఆ సీసాను ఇక్కడ ఎంటె అంటారు. పక్క నుంచి చూస్తే బాతులాగే ఉంటుంది మరి.

ఇంటికొచ్చాక మూడు వారాలు ఆ సీసా మాకు బాతే. "అమ్మాయ్, బాతు" అని పిలిచేవారు మా నాన్న. కూతురిని అడగడానికి సిగ్గుపడే మనిషికి ఆ మాట ఎంత ఆసరా అయిందో నాకు తెలుసు. మా పిల్ల స్టేజి మీద చెప్పింది ఆ బాతు గురించే. తెలుగు రాక కాదు.

పైగా డకౌట్ అన్నారే, అదేం తెలుగు? అందులోనూ ఉన్నది బాతే! క్రికెట్లో సున్నాను బాతు గుడ్డుతో పోల్చి 'డక్స్ ఎగ్' అనేవారు. పోనుపోను గుడ్డు రాలిపోయి డక్ మిగిలింది. 1948లో లండన్ ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు వంద అయ్యేది. రెండో బంతికే డక్. 99.94 దగ్గర ఆగిపోయింది. సరిగ్గా ఆ ఏడాదే పారిస్‌లో సిట్రోయెన్ వాళ్లు 2సీవీ కారును జనానికి చూపించారు. జర్మన్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరూ ఎంటెయే. పేపర్లో తప్పుడు వార్త పడితే అదీ బాతే, త్సైటుంగ్స్ ఎంటె. అమెరికాలో లేమ్ డక్ (కుంటి బాతు) అంటే గడువు తీరబోతూ ఇంకా కుర్చీలో ఉన్న నాయకుడు. మా ఆఫీసులో లామె ఎంటె అంటే నా పాత ల్యాప్‌టాప్. ఇంగ్లీషులో చటుక్కున తల వంచి తప్పుకోవడం కూడా డక్కే. ఆ మధ్యాహ్నం నా కొంగు చాటున జరిగింది అదే.

మన బాతుకు ఇన్ని వేషాలు లేవు. బంగారు గుడ్లు పెడుతుంది, అంతే. (బాతాఖానీలో ఉన్నది పక్షి కాదు, హిందీ బాత్.) కానీ మనకు కప్ప ఉంది. సాయంత్రం సామాన్లు సర్దాక అదే పెద్దాయన స్టోర్ రూమ్ ముందు నిలబడి "కప్ప ఎక్కడ పెట్టార్రా?" అని కేకేశారు. ఇద్దరు పిల్లలు భయంభయంగా బల్ల కింద వెతికారు. తాళంకప్ప కోసమని తెలిశాక ఆయనతో సహా అందరం నవ్వుకున్నాం. ఆయనకు ఎవరూ సున్నా వేయలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఉంది, కొంచెం. ఆదివారాలు ఒక్క సెంటు తీసుకోకుండా మన పిల్లలకు అక్షరాలు దిద్దించేది ఆయనే. ఆయన బెంగ నిజమైనదే. మా ఇంట్లో "షూస్ ఆన్‌త్సీహెన్ చేసుకో, ట్రామ్ మిస్సవుతాం" అని పిల్ల మీద అరిచేది సాక్షాత్తూ నేనే. కాబట్టి పిల్లల తెలుగు దిద్దవద్దని అనను. దీపావళి పోటీ పెట్టే కార్యవర్గానికి నా మనవి ఒక్కటే: పిల్లలు వింత వాక్యం చెబితే సున్నా వేసే ముందు "ఎందుకమ్మా అలా అన్నావు?" అని అడగండి. ఒక్క నిమిషం పడుతుంది. భోజనాలు ఆలస్యమవుతాయంటారా, మన భోజనాలు టైముకి ఎప్పుడు పెట్టారు గనుక?

మా నాన్న ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆ రాత్రి ఫోన్లో సంగతంతా చెబితే చాలాసేపు నవ్వి, "వాక్యంలో తప్పేముందే? కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. కర్తను నేనే. కావాలంటే మీ సంఘానికి వచ్చి సాక్ష్యం చెబుతాను" అన్నారు.